విజిల్ ఊదలేని పీఈటీ

నేను నల్లగొండ దగ్గర ఒక జడ్పీ హైస్కూల్లో పీఈటీని. ఇరవై ఏళ్లుగా నా ఉద్యోగమంతా ఒక విజిల్ మీదే నడిచింది. పోయిన డిసెంబరులో ఒక పొద్దున ప్రార్థనకు పిల్లలను నిలబెట్టి విజిల్ నోట్లో పెట్టుకుంటే గాలి కుడి మూల నుంచి బుస్సుమని పోయింది తప్ప చప్పుడు రాలేదు. ఏడో తరగతి పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. నా నవ్వు చూసి వాళ్లు ఆపేశారు.

ఇంటి దగ్గర పళ్లు తోముకునేటప్పుడే నీళ్లు ఒక పక్కకు కారాయి. చలికి మొద్దుబారిందనుకున్నాను. స్టాఫ్‌రూమ్ అద్దంలో చూస్తే ఎడమ సగం నాది, కుడి సగం ఎవరిదో. కుడి కన్ను మూత పడటం లేదు. ఫిజిక్స్ సారు ఇంకో మాట మాట్లాడకుండా బైక్ తీశాడు. దారి పొడవునా వెనక కూర్చుని రెండు చేతులూ పిడికిలి బిగించి చూసుకుంటూనే ఉన్నాను. పక్షవాతమే అయితే పిల్లల చదువులు ఎట్లా అన్న లెక్కలు కూడా ఆ అరగంటలోనే అయిపోయాయి.

డాక్టరు గారు మూతి చూడలేదు. ముందు “కనుబొమలు పైకి లేపండి” అన్నారు. నా నుదుటి మీద ఎడమ పక్కే ముడతలు పడ్డాయట. ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. మెదడులో దెబ్బ తగిలితే మామూలుగా నుదురు మిగులుతుందట, దానికి మెదడు రెండు వైపుల నుంచీ నరాల సాయం ఉంటుంది కాబట్టి. నుదురు కూడా పడిపోయిందంటే, కాళ్లూ చేతులూ బాగున్నాయంటే, దెబ్బ చాలావరకు ముఖానికి వచ్చే నరంలోనే. ఆ నరం చెవి వెనక ఇరుకైన ఎముక సొరంగంలోంచి వస్తుంది, అందులో వాచిందంటే నలుగుతుంది. పేరు బెల్స్ పాల్సీ. స్టెరాయిడ్ గోళీలు మొదటి మూడు రోజుల్లోనే మొదలుపెట్టాలన్నారు, అంతకుముందు షుగర్ చూశారు. పగలు కంట్లో చుక్కలు, రాత్రి కన్ను మూసి టేపు. “మూతి కొంచెం ఆలస్యంగా వచ్చినా వస్తుంది సార్. కన్ను ఎండి పుండు పడితే మాత్రం కష్టం” అన్నారు. ఆ మాట తర్వాత పనికొచ్చింది, నాకు కాదు.

ఇంటికొస్తే అమ్మ ఒకటే ఏడుపు. “గాలి సోకింది కొడకా, పొద్దుగాల్నే బండి మీద పోవద్దంటె ఇన్నవా?” మరుసటి రోజు సాయంత్రానికి మా బామ్మర్ది ఒక పెట్టె పట్టుకుని దిగాడు. ముందు నా ఫొటో తీశాడు. “బాగైనంక సూస్కుంటవ్ బావా” అన్నాడు. పెట్టెలో ఒక చిన్న మెషిన్, రెండు రాగి గొట్టాలు. గొట్టాలకు తడి బట్ట చుట్టి చెరో చేత్తో పట్టుకోవాలి. రక్తంలోని పురుగులన్నీ ఆ కరెంటుకు చస్తాయట. షుగర్, బీపీ, మోకాళ్లు, పక్షవాతం, అన్నిటికీ అదొక్కటే. ధర పద్నాలుగు వేలు, మనోళ్లం కాబట్టి పన్నెండు. పక్షవాతం, షుగర్ లాంటివి నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వకూడదని 1954 నుంచే చట్టం ఉంది. కానీ బామ్మర్దికి చట్టం చెప్పి ఇంట్లో అన్నం తినగలమా? పట్టుకున్నాను. రోజూ పట్టుకున్నాను.

గోళీలూ మింగాను, ఫిజియోథెరపీకీ వెళ్లాను. అక్కడ కూడా కరెంటే. పెన్ను లాంటిది చెంప మీద ఆనిస్తే కండ టక్కుమని ఎగిరేది, నాకు ప్రాణం లేచొచ్చేది. ఆ ఫిజియో అమ్మాయి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పింది: “కండ ఎగరడం వేరు సార్, నరం కోలుకోవడం వేరు. ఈ జబ్బుకు కరెంటుతో అదనంగా లాభం ఉందని గట్టి రుజువు లేదు.” అందుకే కరెంటు కొంచెమే పెట్టి, ఎక్కువసేపు అద్దం ముందు కూర్చోబెట్టేది. అ, ఇ, ఊ. బుగ్గలు పూరించడం. కొవ్వొత్తి ఊదడం. నలభై ఆరేళ్ల మనిషిని కొవ్వొత్తి ఆర్పలేక కళ్లనీళ్లు పెట్టుకున్నాను, అందులోనూ ఒక కన్ను ఎలాగూ కారుతూనే ఉండేది.

మూడో వారంలో పెదవి మూల కొంచెం కదిలింది. అయిదో వారంలో బాత్‌రూమ్ తలుపు వేసుకుని విజిల్ ఊదితే పిచ్చుక కూసినట్టు సన్నగా వచ్చింది. సంక్రాంతి సెలవుల తర్వాత గ్రౌండ్‌లో ఊదితే ఖోఖో ఆడుతున్న పిల్లలు ఆగారు.

“సూసినవా బావా మెషిన్ పవరు” అన్నాడు బామ్మర్ది.

ఏం చెప్పాలి? నెట్‌లో వెతుక్కుని చదివాను. స్కాట్లాండ్‌లో ఈ జబ్బు మీదే జరిపిన పెద్ద పరీక్ష ఫలితాలు 2007లో వచ్చాయి. స్టెరాయిడ్ తీసుకున్నవాళ్లలో తొమ్మిది నెలలకు 94 శాతం మంది పూర్తిగా బాగుపడ్డారు. తీసుకోనివాళ్లలో 82 శాతం. నేను ఆగిపోయింది ఆ రెండో అంకె దగ్గర. మన దగ్గరైతే ఆ 82 మందీ ఊరికే కూర్చోరు కదా! ఒకరు పసరు మింగుతారు, ఒకరు తాయెత్తు కట్టుకుంటారు, ఒకరు రాగి గొట్టాలు పట్టుకుంటారు. చివరికి ఎవరు పట్టుకున్నదానికి వాళ్లు దండం పెడతారు. నా విషయంలోనే గోళీ పనిచేసిందా, తనంతట తనే తగ్గిందా అంటే నేను ప్రమాణం చేయలేను. ఇక మెషిన్ వంతు ఎక్కడ?

ఒక ఆదివారం ఫిజిక్స్ సారు స్క్రూడ్రైవర్ పట్టుకొచ్చాడు. పెట్టె మీద “విప్పితే వారంటీ చెల్లదు” అని స్టిక్కర్. దాన్ని చూసి ఆయనకు నవ్వొచ్చింది. 1920లలో అమెరికాలో ఆల్బర్ట్ ఏబ్రమ్స్ అనే డాక్టరు ఇలాగే రోగాలన్నీ పోగొట్టే పెట్టెలు అద్దెకు ఇచ్చేవాడట. సీలు విప్పబోమని సంతకం పెట్టించుకుని మరీ ఇచ్చేవాడు. ఎవరో విప్పి చూస్తే లోపల తీగలతో ఎలా పడితే అలా కలిపిన మామూలు కరెంటు సామాన్లు తప్ప ఏమీ లేవు. మా పెట్టెలో ఒక తొమ్మిది వోల్టుల బ్యాటరీ, ఒక 555 టైమర్ చిప్పు, నాలుగు రెసిస్టర్లు, ఒక ఎర్ర బల్బు. “మన సైన్స్ ఫెయిర్ ప్రాజెక్టు సారూ ఇది. మూడొందల్లో పిల్లలే చేస్తరు.”

కరెంటు వైద్యమంతా మోసమని మాత్రం నేను అనను. పేస్‌మేకర్ పెట్టిన గుండె ఆ కరెంటు సాయంతోనే కొట్టుకుంటుంది. నొప్పికి ప్యాడ్లు అంటించే టెన్స్ మెషిన్ కొందరికి కాసేపు హాయినిస్తుంది. పిల్లాడు పడితే దెబ్బ చుట్టూ గబగబా రుద్దుతాం, రుద్దిన స్పర్శ వెళ్తుంటే నొప్పికి దారి ఇరుకవుతుంది. మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1965లో చెప్పింది దాదాపు ఇదే. రుద్దడం ఆపితే నొప్పి మళ్లీ వస్తుంది. జబ్బు మాత్రం ఎక్కడిదక్కడే.

అమ్మ సంగతి చూశాక ఇది ఇంకా బాగా అర్థమైంది. అమ్మది మర్రిగూడ పక్క పుట్టిల్లు. చిన్నప్పటి నుంచి ఫ్లోరైడ్ బావి నీళ్లు తాగిన మోకాళ్లు, మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాలి. బామ్మర్ది ఆమెను టౌన్‌లో ఒక షాపు పైఅంతస్తు హాలుకు తీసుకుపోయేవాడు. అక్కడ కాళ్ల కింద కరెంటు చాపలు, ఉచితం. ఎముకల్లోని ఫ్లోరైడ్ కరిగిపోతుందని మైకులో చెప్పేవారట. ఎముకలో కలిసిపోయిన ఫ్లోరైడ్‌ను ఏ చాపా కరిగించలేదు. కానీ అమ్మ పోతానంటే నేను ఆపలేదు. వెచ్చగా ఉంటుంది, తన ఈడువాళ్లు ముప్పై మంది ఉంటారు, ఆ కుర్రాళ్లు “అమ్మా తిన్నవా” అని అడుగుతారు. నేను అడిగి ఎన్నాళ్లయిందో.

ఫిబ్రవరిలో ఒకరోజు అమ్మే వచ్చి చెప్పింది: “నీ మొఖం ఆడ టీవీల ఏస్తున్నరు రా.” వెళ్లి చూశాను. గోడ మీద తెర. అందులో వంకర మూతి నేను, పక్కన నవ్వుతున్న నేను, నడుమ బాణం గుర్తు. బామ్మర్ది ఎదురొచ్చి “ఒక్క మాట మైకుల చెప్పు బావా” అన్నాడు. చెప్పాను. మెషిన్ పట్టుకున్నానన్నాను, మూడో రోజు దాటకముందే గోళీలు మొదలుపెట్టానన్నాను, మిగతాది చెప్పేలోపు మైకు నా చేతిలో లేదు.

మెట్లు దిగుతుంటే వెనక నుంచి ఎవరో “సారూ, జర ఆగు” అని పిలిచారు. పెద్దాయన. తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకున్నాడు. తీస్తే నాది ఎడమకు లాగితే ఆయనది కుడికి.

“ఏ గోళీలు సారూ అవి?”

“ఎన్ని రోజులాయె తాతా?”

“ఇరవై రెండు. రోజూ ఈడికే వస్తున్న.”

కన్ను ఎర్రగా ఉంది, పుసి కట్టి ఉంది. రాత్రి మూసి పడుకుంటున్నావా అంటే మూత పడదు కదా అన్నాడు. గోళీల సంగతి నేను ఎత్తలేదు. బండి ఎక్కించుకుని ముందు కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను.