హన్మకొండ డాబాల మీద సోలార్: సబ్సిడీ పైసలు ఎంత పనిచేశాయో లెక్క కట్టడం ఎలా?

పథకం ఎలా నడుస్తోందని అడిగితే ఎన్ని కిలోవాట్లు బిగించారో చెబుతారు. అది కొన్న సామాను లెక్క. జనం సొమ్ముకు ఎంత కరెంటు వచ్చింది, ఆ సొమ్ము పెట్టకపోతే ఎంత వచ్చేది అన్నవి తేలాలి.

ఇళ్ల డాబాల మీద సోలార్‌కు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ 2024 ఫిబ్రవరిలో మొదలైంది. మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30,000 రూపాయలు, మూడోదానికి 18,000. ఆపైన ఎంత పెట్టినా 78,000 దగ్గరే ఆగుతుంది. నీడ పడని డాబా మీద, మన ఎండకు, కిలోవాటుకు రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయి. మూడు కిలోవాట్లకు ఏడాదికి దాదాపు 4,380. ప్యానెళ్ల పస ఏటా కాస్త తగ్గుతుంది కాబట్టి పాతికేళ్లకు లక్ష యూనిట్లు అనుకుందాం. సబ్సిడీ యూనిట్‌కు 78 పైసలు పడుతుంది.

ఇక్కడితో ఆగితే లెక్క తప్పుతుంది. రెండు ఏసీలు, నెలకు 500 యూనిట్లు వాడే ఇంటివాళ్లు సబ్సిడీ లేకున్నా పెట్టించుకునేవాళ్లేమో. ఉదాహరణకు పదిళ్లలో నాలుగు అలాంటివైతే, సబ్సిడీ కొత్తగా తెచ్చింది ఆరిళ్ల కరెంటే. అప్పుడు 78 పైసలు రూపాయి 30 పైసలవుతుంది. ఆ నాలుగు అన్న అంకె నిజంగా ఎంతో పట్టుకోవాలంటే డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) దగ్గరున్న దరఖాస్తులను నెలవారీగా, వాడకం స్లాబుల వారీగా విడదీసి 2024 ఫిబ్రవరికి ముందూ తర్వాతా పోల్చాలి. ప్యానెళ్ల ధర తగ్గడం వల్ల పెరిగిన దరఖాస్తులను సబ్సిడీ ఖాతాలో వేయకూడదు.

2024 మార్చి నుంచి రాష్ట్ర పథకం గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడే అర్హులకు జీరో బిల్లు వస్తోంది. ఆ ఇంటికి ప్యానెల్ పెడితే మిగిలేదేముంది? అందుకే సోలార్ సబ్సిడీ పెద్ద బిల్లుల ఇళ్లకే చేరుతుంది. బోర్ల సంగతీ అంతే. వ్యవసాయానికి 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు ఉంటే, సబ్సిడీ మీద సోలార్ పంపులిచ్చే కుసుమ్ పథకంలో పంపుకు రైతు 40 శాతం వాటా ఎందుకు కడతాడు? దాన్ని రైతుల అవగాహన లోపమని రాసే నివేదికలు నాకు సమ్మతం కావు. లైను చేరని చోట పంపు ఇవ్వాలి, లైను ఉన్నచోట ఫీడరుకే (సబ్‌స్టేషన్ నుంచి బోర్లకు కరెంటు తెచ్చే లైనుకే) సోలార్ కలపాలి.

ఇక యూనిట్లు కొలవడం. ఇంటి నుంచి లైనుకు పోయిన కరెంటును (ఎక్స్‌పోర్ట్), లైను నుంచి ఇంటికి వచ్చినదాన్ని (ఇంపోర్ట్) విడిగా చూపేది నెట్ మీటర్. అందులో ఎక్స్‌పోర్ట్ అంకె చూసి ప్యానెల్ అంతే ఇచ్చిందనుకోవడం మామూలు పొరపాటు. ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ నెలకు 350 చూపి, ఎక్స్‌పోర్ట్ 210, ఇంపోర్ట్ 180 ఉంటే, ఇల్లు నేరుగా వాడుకున్నది 140. మొత్తం వాడకం 320. మూడు అంకెలూ రాసుకోకుండా చేసిన సర్వే దండగ.

యూనిట్లు తగ్గిన చోట కారణం డాబా ఎక్కి చూడాలి. మన దగ్గర మొదట అనుమానించాల్సింది కోతులనే. మూడు కిలోవాట్లకు ఆరు ప్యానెళ్లు ఒకే వరుసలో సిరీస్‌గా ఉంటాయి. కింద వేలాడే వైరును కోతి లాగి ఒక్క కనెక్టర్ ఊడగొడితే ఆరూ సున్నా, రోజుకు పన్నెండు యూనిట్లు పోయినట్టే. ఇంట్లో లైట్లు లైను కరెంటుతో వెలుగుతూనే ఉంటాయి కాబట్టి బిల్లు వచ్చేదాకా ఎవరికీ తెలియదు. వైర్లను పైపులో పోయించి, ప్యానెళ్లు నిలబెట్టిన ఇనుప పట్టీకి బిగించి కట్టించే ఖర్చు సబ్సిడీ షరతుల్లోనే రాయాలి.

రెండోది వోల్టేజీ. ఫీడరు చివర నలుగురు ఒకేసారి మధ్యాహ్నం కరెంటు పంపితే వోల్టేజీ పెరిగి, పరిమితి దాటగానే ఇన్వర్టర్ ఆగిపోతుంది. కొండలా ఉండాల్సిన గ్రాఫులో సరిగ్గా పన్నెండూ రెండూ మధ్య గోతులు పడతాయి. ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (వోల్టేజీ సర్దే అమరిక) మార్చడం, సర్వీసు వైరు లావుది వేయడం దీనికి మందు. ఆ డబ్బు పథకంలో లేకపోతే ప్యానెల్ చెడ్డదన్న పేరు వస్తుంది.

కొత్త సాంకేతికతకు సొమ్ముకు ఎన్ని యూనిట్లు అన్న ఈ కొలత ఒక్కటే చాలదు. రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద 2022 జులైకి పూర్తిగా నడిచిన 100 మెగావాట్ల తేలియాడే ప్లాంటునే చూడండి. దాదాపు 500 ఎకరాల్లో 40 బ్లాకులు. ఇన్వర్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు కూడా ఫెర్రోసిమెంట్ తెప్పల మీదే తేలుతాయి, అడుగున కాంక్రీటు దిమ్మెలు వాటిని పట్టి ఉంచుతాయి. దాని విలువ తేలాలంటే, తర్వాత కట్టే ప్లాంటుకు మెగావాటుకు ఖర్చు, కట్టే కాలం తగ్గాయా అని చూడాలి. ఏటా 32.5 లక్షల ఘనపు మీటర్ల నీరు ఆవిరి కాకుండా మిగులుతుందన్నది అంచనా మాత్రమే. తేల్చాలంటే ప్యానెళ్ల కింద ఒకటి, తెరిచిన నీటి మీద ఒకటి ఆవిరి కొలిచే పళ్లేలు పెట్టి, ఒక ఏడాది పాటు రోజూ రీడింగ్ తీయాలి.