రేకుల లెక్క: పెరటి పూల పట్టీ ఎక్కడిదాకా వచ్చిందంటే

పట్టీలో నాలుగు గడులు: రక్షక పత్రాలు (మొగ్గను బయట కప్పి ఉంచేవి), రేకులు, కేసరాలు (పుప్పొడి తిత్తులుండే కాడలు), అనుమానాలు. ఒక్కో మొక్క నుంచి కనీసం 20 పూలు, అవీ వేర్వేరు కొమ్మలవి. కావలసినవి ఓ గుండుసూది, నల్ల కాగితం, భూతద్దం.

మొదటి విడత: తేలికవి

రేక మందారం, గన్నేరు, బిళ్ళగన్నేరు, రేక నందివర్ధనం, అన్నీ 5. గన్నేరు గొంతులో చీలికలు చీలికలుగా ఉండే కుచ్చును రేకుల్లో కలిపేస్తే లెక్క తప్పుతుంది. శంఖుపుష్పంలో పైకి ఒక్క పెద్ద రేకే కనిపిస్తుంది. దాని ముందు రెండు, వాటి చాటున బోటులా ఒదిగిన చిన్నవి రెండు. సూదితో విప్పితేగాని 5 తేలవు. ఆవ, ముల్లంగి పూలు 4. నూరువరహాలు 4, అరుదుగా 5. దండల్లో కట్టే లిల్లీ 6, అంటే మూడేసి చొప్పున రెండు వరసలు.

పూల రేకులన్నీ 3, 5, 8, 13 అనే ఫిబొనాచి వరసలోనే (ముందు రెండు అంకెలు కలిపితే తర్వాతిది వచ్చే వరస) ఉంటాయన్న ప్రచారం ఆవపువ్వు దగ్గరే వీగిపోతుంది.

రెండో విడత: పారిజాతం

ఎక్కువ సమయం పట్టేది దీనికే. ఒకే చెట్టు పూలలో 5 నుంచి 8 దాకా కనిపిస్తాయి. కాబట్టి ‘పారిజాతానికి ఎన్ని రేకులు’ అంటే ఒక అంకె చెప్పి ఊరుకోలేం. ఏ అంకె ఎన్ని పూలలో వచ్చిందో గీతలు గీసుకోవాలి. రాత్రి చెట్టు కింద పాత చీర పరిచి, ఎండ ఎక్కకముందే ఏరుకోవాలి, ఆలస్యమైతే రేకులు ముడుచుకుపోతాయి. రాలిన పూలతో ఇక్కడ ఇబ్బంది లేదు: రేకులన్నీ నారింజ రంగు గొట్టానికి అతుక్కునే ఉంటాయి గనుక పువ్వు మొత్తంగా ఊడుతుంది. గులాబీకి ఈ పద్ధతి పనికిరాదు, అది రేకు రేకుగా రాలుతుంది; కొమ్మ మీదే లెక్కపెట్టాలి.

పొరపాటు జరిగేది రేకు కొసన. అక్కడ నొక్కు ఉండటంతో ఒకటి రెండుగా కనిపిస్తుంది. గొట్టం మూతి దగ్గర, రేకులు విడిపోయే చోట లెక్కించాలి. రేకులు ఎన్నున్నా గొట్టం చీల్చి చూస్తే కేసరాలు మాత్రం రెండే. రేక మల్లెలోనూ అంతే: రేకులు మారతాయి, కేసరాలు 2.

మూడో విడత: ముద్దపూలు

ముద్ద మందారంలో అదనపు రేకులు చాలావరకు కేసరాలు మారినవే. సగం మారినవీ దొరుకుతాయి: సన్నటి రేకు, అంచున ఒక పుప్పొడి తిత్తి. వాటిని రేకుల్లో కలపకుండా అనుమానాల గడిలో వేయడమే మేలు. లేకపోతే ఒకే పువ్వుకు ఇద్దరు లెక్కపెడితే రెండు అంకెలొస్తాయి.

గులాబీలో రేకులు కచ్చితంగా ఎన్నో చెప్పడం కంటే తరగతి రాసుకోవడం నయం: 4–8 అయితే ఒంటి రేకది, 9–16 సగం ముద్ద, 17–25 ముద్ద, 26–40 నిండు ముద్ద, 40 దాటితే అన్నిటికన్నా ఒత్తైనది. అడవి గులాబీలకు సాధారణంగా అయిదే.

నాలుగో విడత: బంతి, చేమంతి

వీటిలో మనం రేకు అనేది నిజానికి ఒక్కో చిన్న పువ్వు. మెల్లగా మొదలంటా లాగితే అడుగున గింజ కట్టే భాగం కూడా వస్తుంది. అందుకే వీటికి ‘చిట్టిపూలు’ అని గడి మార్చాం. రోడ్డు పక్కన గడ్డిచామంతిలో ఒక్కో తెల్ల రేకుకు కొసన మూడు పళ్ళు ఉండటం మామూలు. పళ్ళను లెక్కిస్తే అయిదు రేకులు కాస్తా పదిహేనైపోతాయి. కాగితంపూల రంగు రేకులు మూడూ అసలు రేకులే కావు, ఆకులు.

మిగిలింది

కలువ. బయట రక్షక పత్రాలు 4, అంతవరకు స్పష్టం. ఆ పైన రేకులు లోపలికి పోయేకొద్దీ సన్నబడి కేసరాల్లో కలిసిపోతాయి. బయటి నుంచి ఒక్కొక్కటి తుంచి కాగితం మీద వరసగా పేర్చి, పుప్పొడి తిత్తి మొదట కనిపించిన చోట గీత గీయాలి. గీతకు ఇవతలివే రేకులు.