పీవీ కణం చచ్చిందా, రంగు వెలిసిందా?

స్కిజోఫ్రీనియా నమూనాగా పెంచిన ఎలుకల మెదడు గురించి రాసినప్పుడల్లా తప్పకుండా ఎదురయ్యే మాట, "పీవీ కణాలు తగ్గాయి" అని. చదివినవాళ్లు ఆ కణాలు చచ్చిపోయాయనే అనుకుంటారు. స్లైడు మాత్రం అంత మాట చెప్పదు. మైక్రోస్కోపు కింద లెక్కపెట్టేది పార్వాల్బ్యుమిన్ (పీవీ) అనే ప్రొటీన్‌కి అంటుకున్న యాంటీబాడీ వెలుగుని. ప్రొటీన్ బాగా పడిపోయిన కణం బతికే ఉంటుంది, లెక్కలోకి మాత్రం రాదు.

పీవీ కణాలు చకచకా ఫైర్ అయ్యే గాబా ఇంటర్‌న్యూరాన్లు, అంటే గాబా అనే రసాయనంతో పక్క కణాలని అణిచే న్యూరాన్లు. కార్టెక్స్‌లో ఉత్తేజపరిచే ప్రధాన న్యూరాన్ అయిన పిరమిడల్ కణం ఒంటిమీదా, దాని ఆక్సాన్ (సంకేతం బయటికి పంపే తీగ) మొదట్లోనూ పట్టు వేసి, గామా లయ అనే వేగమైన మెదడు తరంగాన్ని నడిపిస్తాయి. అంత పనికి శక్తి ఎక్కువ కావాలి, అందుకే ఆక్సిడేటివ్ ఒత్తిడి ముందు వీటికే తగులుతుంది. 2007లో బెహ్రెన్స్ బృందం ఎలుకలకి కెటమిన్ అనే మత్తుమందు ఇచ్చి చూపించింది ఇదే: ఎన్ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ నుంచి సూపర్‌ఆక్సైడ్ (కణాన్ని దెబ్బతీసే ఆక్సిజన్ రూపం) పెరిగి పార్వాల్బ్యుమిన్, జీఏడీ67 (గాబాని తయారుచేసే ఎంజైమ్) రెండూ పడిపోయాయి. మనుషుల మెదడులోనూ కథ ఇలాగే ఉంది. 2003లో హషిమోతో, లూయిస్ బృందం స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ల ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో చూస్తే పీవీ ఎంఆర్ఎన్ఏ (ప్రొటీన్ తయారీకి జన్యువు పంపే నకలు) ఉన్న కణాల సాంద్రత తగ్గలేదు, ఒక్కో కణంలో ఆ ఎంఆర్ఎన్ఏ పరిమాణం తగ్గింది. వాటిలో 45 శాతం దాకా కణాల్లో జీఏడీ67 ఎంఆర్ఎన్ఏ జాడే లేదు.

మరి తేల్చుకోవడం ఎలా? నియాన్ (NeuN) అనే, న్యూరాన్లన్నిటినీ గుర్తుపట్టే యాంటీబాడీతో మొత్తం న్యూరాన్లని లెక్కపెడితే చాలదా అంటారు. చాలదు. ఎలుక కార్టెక్స్‌లో పీవీ కణాలు మొత్తం న్యూరాన్లలో ఇరవయ్యో వంతుకి అటూ ఇటూ. వాటిలో మూడోవంతు పోయినా మొత్తం లెక్క కదలదు. కణం చుట్టూ ఉండే పెరిన్యూరోనల్ వలని, దానికి అంటుకునే డబ్ల్యూఎఫ్ఏ అనే ప్రొటీన్‌తో చూడటం ఇంకో దారి, కానీ ఒత్తిడికి ఆ వల కూడా చిరుగుతుంది. అన్నిటికంటే గట్టి సాక్ష్యం, పీవీ-క్రీ ఎలుకని (పీవీ కణాల్లో క్రీ అనే ఎంజైమ్ తయారయ్యేది) టీడీటొమాటో రిపోర్టర్ ఎలుకతో (క్రీ ఉన్న కణాన్ని ఎర్రగా వెలిగించేది) జతకట్టించడం. ఒకసారి ఎర్రరంగు వెలిగాక పీవీ పడిపోయినా అది పోదు. ఎరుపు లెక్క సమానంగా ఉండి పీవీ లెక్క తగ్గితే కణం వెలిసింది, చావలేదు. ఒక జాగ్రత్త: అయిదో పొరలో కొన్ని పిరమిడల్ కణాలు కూడా ఎర్రబడతాయి.

రిపోర్టర్ లేకపోతే ప్రతి కణం వెలుగునీ కొలిచి హిస్టోగ్రామ్ గీయండి. గుట్ట మొత్తం ఎడమకి జరిగితే వెలిసినట్టు. ఆకారం అలాగే ఉండి ఎత్తు మాత్రం తగ్గితే నష్టాన్ని అనుమానించొచ్చు. ఎంత వెలుగుంటే కణంగా లెక్కించాలనే హద్దుని, అంటే థ్రెషోల్డ్‌ని, కొంచెం కిందికి దించి మళ్లీ లెక్కపెట్టండి. అప్పటిదాకా కనిపించిన తేడా మాయమైతే అది సంఖ్యలో తేడా కాదు.

లెక్కలో ఎక్కువ పొరపాట్లు జరిగేది మందం దగ్గరే. 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌ని రక్తనాళాల ద్వారా ఎక్కించి (పెర్‌ఫ్యూజ్ చేసి), మెదడుని ఒక రాత్రి అందులోనే ఉంచి, 30 శాతం సుక్రోజ్‌లో అడుగుకి మునిగాక 40 మైక్రాన్ల సెక్షన్లు కోస్తాం. ఆరబెట్టి, ఆల్కహాల్ దాటించి, మౌంట్ చేసేసరికి ఆ 40 కాస్తా సగానికి, ఒక్కోసారి ఇంకా కిందికి కుంగుతుంది. మైక్రోటోమ్ మీద పెట్టిన అంకెతో లెక్కకడితే ఆప్టికల్ ఫ్రాక్షనేటర్ (కొన్ని నమూనాల్లో లెక్కపెట్టి మొత్తం సంఖ్య అంచనావేసే పద్ధతి) తప్పు చెబుతుంది, కాబట్టి ప్రతి స్లైడు మీదా అసలు మందం కొలవాలి. ఇంకో పక్క యాంటీబాడీ లోపలికి దిగదు. దొరికిన ప్రతి కణం ఎంత లోతులో ఉందో గీతలా గీస్తే పైనా కిందా గుంపులు, మధ్యలో గుంట కనిపిస్తే ఆ బ్యాచ్ పనికిరాదు. కణపొరకి రంధ్రాలు చేసే ట్రైటాన్ 0.3 శాతం వేసి, ప్రైమరీ యాంటీబాడీలో 4 డిగ్రీల దగ్గర షేకర్ మీద 48 గంటలు ఉంచితే చాలావరకు సర్దుకుంటుంది. కంట్రోల్, మందిచ్చిన జంతువుల సెక్షన్లు ఒకే రోజు, ఒకే గిన్నెలో పడాలి.

మామ్ (పిండం మెదడులో కణవిభజనని ఆపే రసాయనం) నమూనాలో ఇంకో చిక్కు ఉంది. గర్భం 17వ రోజున తల్లి ఎలుకకి 20–25 మి.గ్రా./కిలో ఇస్తే పిల్లల హిప్పోక్యాంపస్ కుంచించుకుపోతుంది. మెదడు చిన్నదైతే ఉన్న కణాలే దగ్గర దగ్గరగా కనిపిస్తాయి. సాంద్రత ఒక్కటే ఇస్తే నిజమైన తగ్గుదల దాగిపోతుంది. కవాలియరీ పద్ధతిలో (వరుస సెక్షన్ల వైశాల్యాలని కూడి) ఘనపరిమాణం కూడా కొలిచి మొత్తం సంఖ్య ఇవ్వాలి.

ఇక లిటర్ (ఒక కాన్పులో పుట్టిన పిల్లలు) సంగతి. మామ్ అయినా పాలీ ఐసీ (వైరస్ సోకినట్టు ఒంటిని నమ్మించే కృత్రిమ ఆర్ఎన్ఏ) అయినా మందు వేసింది తల్లికి. నాలుగు తల్లులకి పుట్టిన నలభై పిల్లలని నలభైగా లెక్కవేస్తే పీ విలువ ఇట్టే చిన్నదవుతుంది, కానీ అక్కడ ఎన్ (స్వతంత్ర నమూనాల సంఖ్య) నాలుగే. లిటర్‌కి ఒక మగ, ఒక ఆడ పిల్లని తీసుకుని, మిక్స్‌డ్ మోడల్ అనే గణాంక పద్ధతిలో తల్లిని రాండమ్ ఎఫెక్ట్‌గా పెట్టండి. పాలీ ఐసీలో ఒక్కో లాట్‌కి అణుభారం మారుతుంది. లాట్ మారిన ప్రతిసారీ తల్లి ఎలుకలో ఇంటర్‌ల్యూకిన్-6 అనే రోగనిరోధక సంకేత ప్రొటీన్ ఎంత లేచిందో చూడకుండా మోతాదు పాతదే వాడితే, పిల్లల్లో కనిపించే తేడా మందుదో లాట్‌దో చెప్పలేరు.