టే నది సాల్మన్ పిల్లల పొలుసులు: 24 పొట్లాల్లో 17 పూర్తి

మే 9

స్కాట్లండ్‌లో అనుమతి లేకుండా సాల్మన్ పిల్లలను పట్టకూడదు. అందుకే ఏప్రిల్ సర్వేలో కొలిచి, అక్కడి టే నదిలోకి వదిలేసిన చేపల పొలుసుల్లోనే వాటి వయసు చదువుతున్నాను. ఒక్కో కాగితపు పొట్లం మీద తేదీ, చేప పొడవు రాసి ఉన్నాయి. పొడవు కనబడకుండా మడిచి ముందు వయసు చదువుతున్నాను, లేకపోతే కన్ను ఆ అంకె వైపే మొగ్గుతుంది.

పొలుసులను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మెత్తని కుంచెతో జిగురు తుడిచి, తడిగా ఉండగానే రెండు గాజు స్లైడ్ల మధ్య పెట్టి టేపుతో బిగిస్తున్నాను. విడిగా ఆరనిస్తే ముడుచుకుపోతున్నాయి. మైక్రోస్కోపు 40 రెట్లు చూపిస్తే చాలు. వేసవి వలయాలు ఎడంగా, చలికాలపువి ఒకదానికొకటి ఆనుకుని కనిపిస్తాయి. ఒక ఇరుకు పట్టీ అంటే ఒక చలికాలం. హెచ్. డబ్ల్యు. జాన్‌స్టన్ 1905లో ఈ నది సాల్మన్ల వయసును ఇలాగే పొలుసుల్లో చదివాడు. అదే నది పొలుసు నా కళ్ల ముందు ఉండటం ఎంత ఆనందమో!

నడిమధ్యన వలయాలు లేకుండా మసకగా ఉన్నవాటిని పక్కన పెడుతున్నాను. అవి ఊడినచోట మళ్లీ మొలిచినవి, తొలి ఏళ్ల లెక్క వాటిలో ఉండదు.

మే 16

130 మి.మీ. చేపకు మూడు చలికాలాలని రాసుకున్నాను. తప్పు. అదే పొట్లంలోని మరో నాలుగు పొలుసుల్లో రెండే ఉన్నాయి. నేను లెక్కపెట్టిన మూడోది సగం దూరం వెళ్లి ఆగిపోయింది. అసలైన చలికాలపు పట్టీ రెండు పక్కలా సాగి, దాదాపు అన్ని పొలుసుల్లోనూ కనిపించాలి. ఇక ఒక్క పొలుసు చూసి వయసు రాయను.

అదే చేప మొదటి చలికాలానికి ఎంత పొడవుందో లెక్కించాను. మైక్రోస్కోపు కొలబద్ద మీద పొలుసు మధ్య నుంచి అంచుకు 80 గీతలు, మొదటి పట్టీకి 30. పొలుసు చేపతో పాటే పెరుగుతుందని నేరుగా నిష్పత్తి కడితే 49 మి.మీ. వచ్చింది. కానీ పొలుసు పుట్టేనాటికే పిల్ల సుమారు 30 మి.మీ. ఉంటుంది. ఆ 30ని తీసేసి, మిగిలిన 100కు నిష్పత్తి కట్టి, మళ్లీ 30 కలిపితే 67.5 మి.మీ. తేడా చిన్నది కాదు. పాత లెక్కలన్నీ ఇలా మార్చాలి.

మిగిలిన ఏడు పొట్లాల కంటే ముందు, ఒక్కో పొలుసుతోనే ముగించిన మొదటి ఆరింటిని మళ్లీ తెరుస్తున్నాను.