తెల్లగా వదిలేసిన గుండ్రం

బల్ల మీద కాగితం పరిచి పెన్సిల్‌తో వంశవృక్షం గీస్తున్నాను. మగవాళ్ళకు చతురస్రం, ఆడవాళ్ళకు గుండ్రం. జబ్బు ఉన్నవాళ్ళను నల్లగా నింపాలి, లేనివాళ్ళను తెల్లగా వదిలేయాలి. అది 1992 శీతాకాలం. వేల్స్‌లో బొగ్గు గనులు మూతపడిన ఒక ఊళ్ళో చిన్న ఇల్లు. నేను బ్రిటన్ వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఎదురుగా కూర్చున్నావిడకు అరవై ఏళ్ళుంటాయి. పెద్ద కొడుక్కి పంతొమ్మిదో ఏట స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు మొదలైంది. ఆవిడ తమ్ముడికీ అదే జబ్బు. నేను ఆ రెండు చతురస్రాలనూ నింపుతుంటే ఆవిడ వంగి చూసింది. ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్ళాలంటే గీత ఆవిడ గుండ్రం మీదుగానే పోవాలి.

"నన్ను తెల్లగా వదిలేశారు. కానీ వాడికి ఇది నాలోంచే కదా వెళ్ళింది?" అంది.

నా దగ్గర జవాబు లేదు. అంతకు ముందు తరంలో, పిల్లలకు మతి చెడటానికి తల్లి పెంపకమే కారణమని నమ్మిన డాక్టర్లు ఉండేవారు. ఒకాయన ఆవిడ ముఖం మీదే ఆ మాట అన్నాడట. ఇప్పుడు నేను రక్తం తీసుకోవడానికి వచ్చి, పెంపకం కాదమ్మా, జన్యువులు అంటున్నాను. ఎటు తిప్పినా ఆవిడ లెక్కలో నేరం తనదే.

తలుపు దాకా సాగనంపుతూ ఇంకో మాట చెప్పింది. తమ్ముడి సంగతి పక్కింటివాళ్ళకు కూడా తెలియదట. "మీరు ఇక్కడివాళ్ళు కాదు కాబట్టి చెప్పగలిగాను." ఆ తర్వాత చాలా ఇళ్ళలో ఈ మాటే విన్నాను. నా యాస, వాళ్ళ నోరు తిరగని నా పేరు ఈ పనికి అడ్డమవుతాయని మొదట్లో చాలా టెన్షన్ పడ్డాను. పరాయి మనిషి దగ్గర పరువు పోతుందన్న భయం ఉండదని ఆ ఇళ్ళలో తెలిసింది.

మా పని, ఒకే కుటుంబంలో జబ్బు ఉన్నవాళ్ళందరిలో ఉండి, లేనివాళ్ళలో లేని క్రోమోజోమ్ ముక్కను పట్టుకోవడం. చెప్పడానికి ఇంతే. చేయడానికి, క్రోమోజోమ్ మీద గుర్తుగా వాడే ఒక్కో మార్కర్‌కు ఒక్కో జెల్ పోయాలి. రెండు గాజు పలకల మధ్య పలచటి జెల్, పైన దువ్వెన పళ్ళలాంటి గుంటలు. ఒక్కో గుంటలో ఒక్కో మనిషి డీఎన్ఏ, అదీ రేడియోధార్మికత కలిపింది, చిన్న బొట్టు. చేయి వణికితే పక్క గుంటలోకి పొర్లుతుంది, తల్లి డీఎన్ఏ కొడుకు డీఎన్ఏతో కలిసిపోతుంది. జెల్‌ను ఎండబెట్టి ఎక్స్‌రే ఫిల్ముతో కలిపి పెట్టెలో మూసి ఫ్రీజర్లో పెట్టేవాళ్ళం. రెండు రోజులాగి డార్క్‌రూమ్‌లో ఎర్ర దీపం కింద ఆ ఫిల్ము కడుగుతుంటే నల్లటి చారలు ఒక్కొక్కటే తేలేవి. అలాంటి ఫిల్ములు కొన్ని వందలు కడిగాను.

ఏమీ దొరకలేదు. మా ఒక్కళ్ళకే కాదు. 1988లో స్కిజోఫ్రీనియాకు 5వ క్రోమోజోమ్‌తో సంబంధం ఉందని నేచర్ పత్రికలో పెద్ద వార్త వచ్చింది. అదే సంచికలో మరో బృందం, తాము చూసిన స్వీడన్ కుటుంబంలో ఆ సంబంధం లేదంది. చివరికి రెండో బృందం మాటే నిలిచింది. మనసు ఉత్సాహానికీ దిగులుకూ మధ్య ఊగే బైపోలార్ జబ్బుది ఇంకా బాధాకరమైన కథ. 1987లో అమెరికాలోని ఆమిష్ అనే క్రైస్తవ సమూహం కుటుంబాల్లో 11వ క్రోమోజోమ్ దగ్గర బలమైన ఆధారం దొరికిందన్నారు. రెండేళ్ళు తిరిగేసరికి అది కూలిపోయింది. కుటుంబంలో మరికొందరిని పరీక్షించడం ఒక కారణం. ఆరోగ్యంగా ఉన్నారని లెక్కవేసిన ఇద్దరికి ఆ తర్వాత జబ్బు బయటపడటం ఇంకో కారణం. ఆ పేపరు చదివాక, ఒక గుండ్రాన్ని తెల్లగా వదిలే ప్రతిసారీ నా చేయి ఒక క్షణం ఆగేది.

మూడేళ్ళ కాంట్రాక్టు, ఆ తర్వాత ఇంకో మూడేళ్ళు. మాకు ఏ సంబంధమూ కనిపించలేదని రాసిన రెండు పేపర్లు మిగిలాయి. అవి అవసరమైనవేనని నేను ఇప్పటికీ గట్టిగా నమ్ముతాను. కానీ గ్రాంటు ఇచ్చేవాళ్ళు వాటిని చూసి డబ్బివ్వరు. వర్క్ పర్మిట్ యజమాని పేరు మీద ఉండేది, కొత్త ఉద్యోగమంటే కొత్త పర్మిట్. గడువు ముగియడానికి ఐదు నెలల ముందు నాకు ఉద్యోగం ఇస్తామన్నది గుండె జబ్బుల ల్యాబ్ ఒక్కటే. మనసు నుంచి గుండెకు ఎందుకు మారారని ఇప్పుడు కుర్రాళ్ళు అడుగుతుంటారు. కారణం ఇదే.

గుండె దగ్గర వాతావరణమే వేరు. కొలెస్టరాల్ కొలవొచ్చు, రక్తనాళాన్ని ఫొటో తీయొచ్చు. జబ్బు ఉందా లేదా అని ఇద్దరు డాక్టర్లు గంటసేపు వాదించుకోనక్కర్లేదు. జెల్‌లు పోయి చిప్‌లు వచ్చాయి, ఒక్క మనిషి డీఎన్ఏలో ఐదు లక్షల చోట్లను ఒకేసారి చదివేవి. 2007లో వెల్‌కమ్ ట్రస్ట్ కన్సార్టియం అనే బ్రిటన్ పరిశోధకుల కూటమి ఏడు జబ్బుల ఫలితాలను ఒకే పేపరులో అచ్చు వేసింది. ఒక్కో జబ్బుకు సుమారు 2,000 మంది రోగులు, అన్నిటికీ కలిపి పోల్చడానికి 3,000 మంది. అందులో గుండె జబ్బూ ఉంది, నేను వదిలేసి వచ్చిన బైపోలార్ జబ్బూ ఉంది. గుండె జబ్బు గ్రాఫులో 9వ క్రోమోజోమ్ మీద, 9పీ21 అనే చోట, జబ్బుతో బలమైన సంబంధానికి గుర్తుగా చుక్కలు గోపురంలా లేచాయి. బైపోలార్ గ్రాఫులో అలాంటి ఎత్తు ఎక్కడా లేదు. ఆ రెండు గ్రాఫులనూ పక్కపక్కన పెట్టుకుని ఆ రాత్రి చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

ఆ రోజుల్లోదే ఇంకో సంగతి. మా ల్యాబులోనూ అలాంటి విశ్లేషణే మొదలైంది. మొదటి మెట్టు శాంపిళ్ళను శుభ్రం చేయడం. ఎవరి డీఎన్ఏ ఎవరికి ఎంత దగ్గరో లెక్కగట్టి ఒక్కో మనిషిని ఒక్కో చుక్కగా కంప్యూటర్ మీద పెడతారు. మధ్యలో పెద్ద గుంపు, ఐరోపా మూలాలవాళ్ళు. దానికి దూరంగా కుడివైపు కొన్ని పదుల చుక్కలు. అవన్నీ భారత ఉపఖండం వాళ్ళవి. మిషన్ సరిగా పనిచేస్తోందో లేదో చూడటానికి నా రక్తాన్నే వాడాం కాబట్టి నా చుక్క కూడా అక్కడే ఉంది. గుంపుకు బయట ఉన్నవాటిని తీసేయాలి. ఆ ఆదేశాన్ని టైపు చేసి ఎంటర్ నొక్కింది నేనే. కుడివైపు ఖాళీ అయిపోయింది.

లెక్కల ప్రకారం అది తప్పు కాదు. వేర్వేరు జనాలను కలిపేస్తే, జనాల మధ్య ఉండే సహజమైన తేడా జబ్బు వల్ల వచ్చిన తేడాలా కనిపించి మోసం చేస్తుంది. తీసినవాళ్ళను విడిగా చూడాల్సింది కదా అన్నదే నా బాధ. మీటింగులో అడిగాను. సంఖ్య చాలదు అన్నారు. మరి ఎక్కువమందిని ఎందుకు చేర్చుకోలేదు? బ్రిటన్‌లో దక్షిణాసియా మూలాలవాళ్ళకు గుండె జబ్బు ఎక్కువని అప్పటికే కొన్ని దశాబ్దాలుగా అందరికీ తెలుసు. జబ్బు ఎక్కువగా ఉన్నవాళ్ళనే లెక్కలోంచి తీసేస్తున్నాం. ఆ ప్రశ్న మీటింగు మినిట్స్‌లోకి ఎక్కలేదు.

రెండేళ్ళకు, 2009లో, హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న ఒక పేపరు నేచర్ జెనెటిక్స్‌లో వచ్చింది. గుండె కండరంలోని ఒక ప్రోటీన్‌కు సంబంధించిన ఎంవైబీపీసీ3 జన్యువులో 25 డీఎన్ఏ అక్షరాలు ఎగిరిపోయిన మార్పు. భారత ఉపఖండంలో సుమారు 4 శాతం మందిలో ఉంది, గుండె కండరం బలహీనపడే ప్రమాదాన్ని పెంచుతుంది. ఐరోపావాళ్ళ శాంపిళ్ళలో ఎన్ని లక్షలు వెతికినా అది చేతికి రాదు. పదేళ్ళుగా గుండె జన్యువుల మీదే బతుకుతున్న నాకు ఆ సంగతి హైదరాబాద్ నుంచి తెలిసింది. సంతోషమేసింది, దాని వెనకే సిగ్గూ వేసింది.

పీసీఎస్‌కే9 అనే జన్యువు కథ చెబితే ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. అమెరికాలో డాలస్ శాస్త్రవేత్తలు నల్లజాతివాళ్ళను కూడా పెద్ద సంఖ్యలో పరీక్షించారు. వాళ్ళలో నూటికి ఇద్దరు ముగ్గురిలో ఈ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి పనిచేయదు. చెడు కొలెస్టరాల్ వాళ్ళకు 28 శాతం తక్కువ, గుండె జబ్బు 88 శాతం తక్కువ. ఇది 2006 నాటి లెక్క. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు 2015కల్లా రోగులకు అందుబాటులోకి వచ్చాయి. ఇప్పుడు వాటిని అన్ని జాతులవాళ్ళూ వాడుతున్నారు. తెల్లవాళ్ళలో ఆ మార్పులు చాలా అరుదు. వాళ్ళను మాత్రమే చూసి ఉంటే ఈ దారి ఇంత స్పష్టంగా కనపడేది కాదు.

కేన్సర్ వైపు నన్ను తీసుకెళ్ళింది కూడా 9పీ21నే. ఆ గుండె జబ్బు సంకేతానికి పక్కనే సీడీకేఎన్2ఏ ఉంది. కణాలు అదుపు తప్పి పెరగకుండా ఆపే జన్యువది, కేన్సర్‌వాళ్ళకు 1994 నుంచీ తెలిసినదే. దాన్ని అర్థం చేసుకోవడానికి వాళ్ళ మీటింగులకు వెళ్ళడం మొదలుపెట్టాను. అలా అలా ఒక ఆసుపత్రి జెనెటిక్స్ ల్యాబులో చేరాను. దేశం వచ్చిన ఇరవై ఏళ్ళకు నా మొదటి పర్మనెంట్ ఉద్యోగం.

రొమ్ము కేన్సర్ కుటుంబాల చరిత్ర చదువుతుంటే నా పాత రోజులు గుర్తొచ్చేవి. మేం వాడిన పద్ధతితోనే 1990లో అమెరికా శాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ 17వ క్రోమోజోమ్‌ను చూపించారు. 1994లో బీఆర్‌సీఏ1, మరుసటి ఏడు బీఆర్‌సీఏ2 అనే జన్యువులు చేతికొచ్చాయి. అక్కడ గెలిచిన పద్ధతి మా దగ్గర ఎందుకు ఓడిందో తర్వాత అర్థమైంది. ఆ కుటుంబాల్లో ఒక్క జన్యువే బలంగా పనిచేస్తుంది, అది దెబ్బతింటే జీవితకాలంలో రొమ్ము కేన్సర్ ప్రమాదం 70 శాతం దాకా పోతుంది. స్కిజోఫ్రీనియాలో ఎక్కువమందికి అలా కాదు. 2014లో దాదాపు 37,000 మంది రోగులను చూస్తే 108 చోట్లు బయటపడ్డాయి. ఒక్కోదాని ప్రభావం చాలా కొంచెం. ఆ మార్పులు తల్లి నుంచీ రావొచ్చు, తండ్రి నుంచీ రావొచ్చు, ఏ జబ్బూ లేని మనందరిలోనూ కొన్ని ఉంటాయి. ఆ పేపరు వచ్చిన రోజు వేల్స్‌లో ఆవిడకు ఉత్తరం రాయాలనిపించింది. పేర్లూ చిరునామాలూ ఏనాడో ల్యాబుకు అప్పగించేశాను. రాయకూడదు కూడా.

ఆసుపత్రిలో నా పని బీఆర్‌సీఏ జన్యువుల్లో కనిపించిన ప్రతి మార్పునూ ఐదు తరగతుల్లో ఒకదాంట్లో పెట్టడం. ఒకటి అంటే హాని లేదు, ఐదు అంటే హాని ఖాయం. మూడు అంటే తేల్చలేకపోయాం. తెల్లవాళ్ళ రిపోర్టుల కంటే మనవాళ్ళ రిపోర్టుల్లో ఆ మూడు ఎక్కువగా కనిపించేది. ఒక మార్పు ఆరోగ్యవంతుల్లో తరచుగా కనిపిస్తే అది హానికరం కాదని చెప్పగలం. మనవాళ్ళలో ఆరోగ్యవంతుల డేటా ఉంటే కదా!

దక్షిణాసియా మూలాలున్న ఒకావిడకు చిన్న వయసులోనే రొమ్ము కేన్సర్ వచ్చింది. బీఆర్‌సీఏ2లో మూడో తరగతి మార్పు అని మేమే రిపోర్టు ఇచ్చాం. దాని ఆధారంగా ఏ నిర్ణయమూ తీసుకోకూడదని అందులో రాస్తాం. కానీ అలాంటి కాగితం ఇంట్లో ఉంటే నిద్ర ఎలా పడుతుంది? 2014 చివర్లో ఎక్సాక్ అనే, వేలమంది జన్యువుల డేటా అందరికీ తెరిచారు. మొత్తం 60,000 మందికి పైగా, అందులో దక్షిణాసియావాళ్ళే 8,000 మందికి పైగా. ఆ వారమే పాత రిపోర్టులన్నీ బయటికి తీయించాను. ఆవిడ మార్పును వెతికితే మనవాళ్ళలో చాలామందిలోనే ఉంది. అంత మామూలుగా ఉండేది అంత పెద్ద జబ్బుకు కారణం కాలేదు. మిగతా ఆధారాలు కూడా చూసి, ఇద్దరం విడివిడిగా సరిచూసుకుని, తరగతి మార్చాం. కొత్త రిపోర్టు నేనే రాశాను. రెండు వాక్యాలు.

జెనెటిక్ కౌన్సెలర్ ఆవిడకు ఫోన్ చేసేటప్పుడు నేనూ గదిలోనే ఉన్నాను, స్పీకర్ పెట్టారు. కాసేపు అవతల చప్పుడు లేదు. తర్వాత ఆవిడ అడిగింది.

"అయితే నా నుంచి మా అమ్మాయికి ఏమీ వెళ్ళలేదా?"

కౌన్సెలర్ నా వైపు చూసింది. ఆ మార్పు అమ్మాయికి వెళ్ళి ఉండొచ్చు, వెళ్ళినా దానివల్ల హాని లేదు అని చెప్పాను. మీకు కేన్సర్ ఎందుకొచ్చిందో మాత్రం ఇంకా తెలియదు, కాబట్టి నలభయ్యో ఏట నుంచి అమ్మాయి స్కానింగులు మానకూడదు అని కూడా చెప్పాను. ఆవిడ అన్నీ విని, ఆ మొదటి వాక్యాన్ని ఇంకోసారి చెప్పమంది. చెప్పాను.