సహాయక బృందంతో వెళ్లే కెమెరా: నాలుగు వారాల సన్నాహం

వరద తీసిన ప్రాంతంలో ఇళ్ల నుండి బురద ఎత్తిపోసే స్వచ్ఛంద బృందంతో మరో పది రోజుల్లో విదేశానికి బయలుదేరుతున్నాను. బృందంలో నా మొదటి పని పార పట్టడమే. దానితో పాటు ఇళ్ల గోడల మీద నీరు నిలిచిన గుర్తులు, బీటలు, శుభ్రం చేయక ముందూ చేసిన తరువాతా గదులు ఎలా ఉన్నాయో ఫొటోలు తీసి భద్రపరిచే బాధ్యతను మా సమన్వయకర్త నాకు అప్పగించారు. అక్కడి కరెంటూ, వాహనంలో చోటూ, పొడిగా ఉన్న మూలలూ ముందు అక్కడివారికి కావాలి కాబట్టి, నా కెమెరా ఎవరి దగ్గరా ఏదీ అడగకుండా పన్నెండు రోజులు నడవాలన్నది నేను పెట్టుకున్న నియమం.

మొదటి వారం బల్ల మీద పరిచిన సామాను 11 కిలోలు తూగింది. చేతి సామానుకు విమానంలో అనుమతించేది 7 కిలోలే కావడంతో, 70-200 మిల్లీమీటర్ల పెద్ద లెన్సునూ ట్రైపాడ్‌నూ ముందుగా పక్కన పెట్టాను. లెన్సు వదలడానికి బరువు ఒక్కటే కారణం కాదు. దూరం నుండి, మనిషికి తెలియకుండా ముఖాన్ని దగ్గరకు లాక్కునే పనిముట్టు ఆ చోట నాకు అక్కరలేదు. దగ్గరకు వెళ్లి, అడిగి తీయగలిగినదే తీస్తాను. డ్రోన్ తీసుకురమ్మని ఒక మిత్రుడు సలహా ఇచ్చారు కానీ, సహాయక హెలికాప్టర్లు తిరిగే ఆకాశంలో దానికి చోటు లేదు. చివరకు మిగిలినవి 24-105 లెన్సు తగిలించిన కెమెరా, కరెంటు లేని చీకటి గదుల కోసం ఎక్కువ వెలుతురు లోపలికి వచ్చేలా ఎఫ్ 1.8 వరకు తెరుచుకునే చిన్న 35 మిల్లీమీటర్ల లెన్సు, అది ఎప్పుడూ తగిలించే ఉండే ఒక పాత కెమెరా. బురద, దుమ్ము ఉన్న చోట లెన్సులు మార్చితే లోపల బొమ్మను పట్టే సెన్సారు మీద మచ్చలు తప్పవు కనుక, రెండు కెమెరాలు మోయడమే మేలనిపించింది.

రెండో వారమంతా బ్యాటరీలకే సరిపోయింది. నా దగ్గరున్న ఆరింటికీ తెల్ల టేపు అంటించి అంకెలు వేశాను. ఒక్కొక్కదాన్ని నిండా చార్జ్ చేసి, కెమెరా ముప్పై సెకన్లకు ఒక ఫొటో తీసుకునేలా అమర్చి, ఆగిపోయేదాకా నడిపి లెక్క రాసుకున్నాను. మూడో నంబరు చాలాసేపు బాగానే నడిచి, తెర మీద 40 శాతం చూపుతూ ఉండగానే ఒక్కసారిగా సున్నాకు పడిపోయింది. ఆరో నంబరును బల్ల మీద పెట్టి వేలితో తోస్తే, చదునుగా నిలవవలసింది కాస్తా బొంగరంలా తిరిగింది. అడుగు భాగం కంటికి కనిపించనంత ఉబ్బిందన్నమాట. వెంటనే దాన్ని వాడకం నుండి తీసేసి, పాత బ్యాటరీలు సేకరించే చోట ఇచ్చాను. ఇంట్లో పనిచేస్తున్నట్టు కనిపించిన బ్యాటరీలే ఇవి రెండూ, కనుక ప్రయాణానికి ముందు ఈ పరీక్షను ఎవరూ వదిలిపెట్టవద్దని నా మనవి.

మిగిలిన నాలుగింటి మీదా 7.2 ఓల్టులు, 2280 మిల్లీ ఆంపియర్ అవర్లు అని ఉంది. గుణించి వెయ్యితో భాగిస్తే ఒక్కొక్కదానిలో నిల్వ ఉండే శక్తి 16.4 వాట్ అవర్లు. విడి లిథియం బ్యాటరీలను చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు, చేతి సంచిలోనే తీసుకువెళ్లాలి. 100 వాట్ అవర్ల వరకు సాధారణంగా ప్రత్యేక అనుమతి అవసరం లేదు, 100 నుండి 160 వరకు విమాన సంస్థ అనుమతి కావాలి. నా 20000 మిల్లీ ఆంపియర్ అవర్ల పవర్ బ్యాంకును లోపలి సెల్ 3.7 ఓల్టులతో లెక్కిస్తే 74 వాట్ అవర్లు, కాబట్టి ఇబ్బంది లేదు. కాగితం మీద అది నాలుగున్నర కెమెరా బ్యాటరీలను నింపాలి. నేను పరీక్షించినప్పుడు మూడు నిండి, నాలుగోది మొదలవగానే ఖాళీ అయింది. ఓల్టేజీ మారడంలోనూ వేడిగానూ కొంత పోతుంది. అందుకని అలాంటిదే రెండోది చేర్చాను. మడత సోలార్ పలకను మబ్బు రోజున ఆరుబయట పెట్టి చూస్తే ఫోను కూడా సరిగా ఎక్కలేదు, దాన్ని వదిలేశాను.

నీటి పరీక్ష నాకొక పాఠం నేర్పింది. మూతిని చుట్టి మూసే జలనిరోధక సంచిలో మడిచిన కాగితం పెట్టి, బకెట్‌లో అరగంట ముంచి ఉంచాను. మూతిని రెండు చుట్లు చుట్టినప్పుడు కాగితం అంచు తడిసి, నా వేలి ముద్ర దాని మీద దిగింది. మూడు చుట్లు గట్టిగా చుట్టి బిగించినప్పుడు పొడిగా ఉంది. సంచి మూతి మీద చెరగని సిరాతో 3 అని రాసుకున్నాను. లోపల సిలికా జెల్ పొట్లాలు వేస్తున్నాను. గింజలు నారింజ రంగు నుండి పచ్చగా మారితే తేమ పీల్చుకున్నట్టు గుర్తు. తడి చోట నుండి తెచ్చిన లెన్సును తుడవకుండా మూసి ఉంచితే బూజు పట్టడానికి ఎంతో కాలం పట్టదు కాబట్టి, రాత్రి పడుకునే ముందు ఆ పని తప్పదు. చల్లని గది నుండి ఉక్కలోకి వెళ్లేటప్పుడు కెమెరా సంచిని మూసే ఉంచి, బయటి వేడికి అలవాటు పడిన తరువాతే తెరవాలి. లేకపోతే ఆవిరి అద్దం మీద చేరుతుంది.

ఫొటోల నకళ్ల కోసం ల్యాప్‌టాప్ తీసుకువెళ్లడం లేదు. 24-105 లెన్సు ఉన్న కెమెరా రెండు కార్డుల మీద ఒకేసారి రాస్తుంది. రాత్రికి కార్డు రీడరు ద్వారా ఫోను నుండి ఎస్‌ఎస్‌డీకి, అంటే ఫైళ్లు దాచే చిన్న డ్రైవుకు, మూడో నకలు చేయాలి. మొదటి ప్రయత్నంలో ఎస్‌ఎస్‌డీ మాటిమాటికీ తెగిపోయింది, ఎందుకంటే రెండు పరికరాలకూ కలిపి కరెంటు ఇవ్వడం ఫోనుకు శక్తికి మించిన పని. పవర్ బ్యాంకు తగిలించుకునే హబ్ (పరికరాలను కలిపే చిన్న పెట్టె) పెట్టాక 10 గిగాబైట్లు ఆగకుండా చేరాయి. రోజుకు నాలుగు వందల రా (RAW) ఫైళ్లు, అంటే కెమెరా మార్పులు చేయకుండా భద్రపరిచే ఫొటోలు, ఒక్కొక్కటి సుమారు 25 మెగాబైట్లు అనుకుంటే ఒక రోజు పని అంతే. నకళ్లన్నీ నా సంచిలోనే ఉంటే అది పోయిన రోజున అన్నీ పోతాయి కాబట్టి, ఎస్‌ఎస్‌డీ వేరే సభ్యురాలి సంచిలో ఉంటుంది.

అమరికలు త్వరగానే అయ్యాయి: రెండు కెమెరాల గడియారాలూ ఒకే సమయానికి, నిశ్శబ్ద షట్టరు, ఫ్లాష్ లేదు. ఫోనులో ఫొటో తీసిన చోటు నమోదయ్యే సౌకర్యాన్ని ఆపేశాను, ఆసరా కోల్పోయిన కుటుంబం ఎక్కడ ఉందో ఫొటో చెప్పకూడదు. రెడ్‌క్రాస్ ఉద్యమమూ స్వచ్ఛంద సంస్థలూ కలిసి 1994లో ప్రకటించిన విపత్తు సహాయ ప్రవర్తనా నియమావళిలో పదో సూత్రం, బాధితులను ఆశ లేని వస్తువులుగా కాక గౌరవం గల మనుషులుగా చూపాలంటుంది. దాన్ని చిన్న కాగితం మీద రాసి, ఫొటో తీయవచ్చా అని అడిగే స్థానిక భాషా వాక్యంతో పాటు కెమెరా పట్టీకి కట్టుకున్నాను. ఆ వాక్యాన్ని ఆ భాష తెలిసిన బృంద సభ్యురాలొకరు నాతో రోజూ పలికిస్తున్నారు.

పరికరాల సీరియల్ నంబర్ల జాబితా, కొన్న రసీదుల నకళ్లు సిద్ధంగా ఉన్నాయి. తిరిగి వచ్చేటప్పుడు ఇవి అక్కడ కొన్నవి కావని కస్టమ్స్ వారికి చూపడానికి అవి చాలా అవసరం. నిన్న రాత్రి సంచిని మళ్లీ తూచితే 5.4 కిలోలు వచ్చింది. ఇంకా చేయవలసినవి రెండు: విడి బ్యాటరీల కొసలకు టేపు అంటించడం, రబ్బరు చేతితొడుగులతో కార్డు మార్చడం సాధన చేయడం. నిన్న పదిసార్లు ప్రయత్నిస్తే మూడుసార్లు కార్డు చేజారింది.