ట్యాగు లేని పంపు

అరిజోనాలో టూసాన్ దగ్గరి ఎడారిలో, పాత విమానాలను విప్పే యార్డులో నేను పనికి చేరిన రెండో నెలలో, ఒక హైడ్రాలిక్ పంపును తుక్కులో వేయకుండా బల్లమీద దాచి ఉంచినందుకు సూపర్‌వైజరు నన్ను అందరి ముందూ మందలించారు. దాని ట్యాగు ఊడిపోయింది, నంబరు రికార్డులతో కలవలేదు; అయినా చేత్తో తిప్పితే షాఫ్టు మెత్తగా తిరిగింది. "అది బాగుందని నీకెవరు చెప్పారు?" అని అడిగి, మళ్ళీ ఏ విమానంలోకీ చేరకుండా దాన్ని నా చేతనే రెండుగా కోయించారు.

విజయవాడ ఆటోనగర్‌లో పాత లారీల సామాను అమ్మే ఇంట పుట్టినవాడికి ఆ కోత ఎలా ఉంటుందో మనవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. మా నాన్న బేరింగును చెవి దగ్గర తిప్పి, విని, ధర చెప్పేవారు. ఆ మాట తప్పయిందని సరుకు తిరిగి తెచ్చినవారిని నేను చూడలేదు.

ఇక్కడివాళ్ళు వృథా చేస్తారని అంటే అన్యాయమవుతుంది. ఇంధనం, హైడ్రాలిక్ నూనె తోడేసి, అన్నిటికన్నా విలువైన ఇంజన్లను దించి, చక్రాల సామగ్రిని, కాక్‌పిట్ పరికరాలను ఒక్కొక్కటిగా విప్పి, మిగిలిన డొల్లను యంత్రపు కత్తెరతో ముక్కలు చేస్తారు. బరువులో 85 నుంచి 90 శాతం దాకా మళ్ళీ ఏదో ఒక పనికి వస్తుంది. రాగి కలిసిన అల్యూమినియం, జింకు కలిసిన అల్యూమినియం ఒకే కుప్పలో పడితే మాత్రం ఆ లోహం మళ్ళీ విమానానికి పనికిరాదు, కార్ల భాగాలకు పోతుంది.

ఆ రాత్రి కోపంతోనే చదివాను. 1989 సెప్టెంబరు 8న నార్వే నుంచి బయలుదేరిన ఒక కాన్వెయిర్ 580 విమానం డెన్మార్క్ తీరం దగ్గర సముద్రంలో కూలి 55 మంది చనిపోయారు. తోకను పట్టి ఉంచే బోల్టులలో నకిలీవి ఉన్నాయని దర్యాప్తులో తేలింది. లారీ చెడితే రోడ్డు పక్కన ఆగుతుంది. విమానం ఇంజనులో తిరిగే టర్బైను చక్రానికైతే మొదటి ప్రయాణం నుంచి లెక్క రాసి ఉండాలి, ఎందుకంటే లోహం అలసట, అంటే పదేపదే ఒత్తిడి పడి లోహం బలహీనపడటం, ఏ చెవికీ వినిపించదు. ఇదంతా ఒప్పుకుంటాను. అయినా పంపును విప్పి చూసే అవకాశమైనా ఇవ్వకుండా, కాగితం లేదన్న ఒక్క కారణంతో ముప్పై ఏళ్ళు పనిచేసిన వస్తువును కోయడం నా చేతులకు ఇంకా అలవాటు కాలేదు.

ఆదివారం ఫోనులో నాన్నకు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "కోసింది నువ్వేనా?" అని మాత్రం అడిగారు.